మూడోసారి అనేలోపు

మా ఆయన గొంతు గురించి చెప్పాలంటే ముందు ఆయన పనిచేసే టోకు కూరగాయల మార్కెట్టు గురించి చెప్పాలి. పైన రేకుల కప్పు, కింద ఉల్లిపాయల బస్తాలు, టమాటా పెట్టెలు, బయట లారీల హారన్లు, లోపల బస్తాలు మోసేవాళ్ళ కేకలు. అంత గోలలో ఈ చివర ఎత్తు బల్ల మీద నిలబడి ఆయన "బస్తా ఎంత?" అన్నాడంటే, ఆ చివర టీ తాగుతున్న వ్యాపారి గ్లాసు కింద పెట్టి చెయ్యెత్తాల్సిందే. ఆయన అక్కడ వేలం వేసే మనిషి. మార్కెట్టు మొత్తం ఆయన్ని "మైకు" అని పిలుస్తుంది. కమిటీ వాళ్ళు ఓసారి జాలిపడి నిజం మైకే కొనిచ్చారు. ఆయన దాన్ని తనకు జరిగిన అవమానంగా తీసుకుని, ఆ రోజు నుంచీ దాని మీద తువ్వాలు ఆరేసుకుంటున్నాడు.

గొంతుకి తోడు ఆయనకి ఒక కిటుకు కూడా ఉంది. "ఒకటోసారి" అంటాడు. "రెండోసారి" అంటాడు. అక్కడ ఆగిపోతాడు. నోరు సగం తెరిచి, చెయ్యి గాల్లో పెట్టి, కళ్ళు మాత్రం కొనేవాళ్ళ మొహాల మీద ఒక్కొక్కరిగా తిప్పుతూ అలా నిలబడతాడు. సరుకు చెయ్యి జారిపోతోందని ఎవడో ఒకడు తట్టుకోలేక పాట పెంచుతాడు. ఎవరూ పెంచకపోతే ఇంకాసేపు ఆగుతాడు. వచ్చిన మొదటి పాటకే సరుకు వదిలేసేవాడిని ఆయన మనుషుల్లో జమ కట్టడు.

ఆ పద్ధతిని షెడ్డులోనే వదిలి ఇంటికొచ్చి ఉంటే నాకు ఈ కథ చెప్పే పని ఉండేది కాదు. అన్నానికి పిలిస్తే మూడో పిలుపుకి గానీ లేవడు. చిన్నప్పుడు మా అమ్మాయికి జ్వరమొచ్చి థర్మామీటరు చూపిస్తే, "ఇంకోసారి పెట్టు, ఈసారి తక్కువ చూపిస్తుందేమో" అన్నాడు. దంతాల డాక్టరు రెండు పళ్ళు తీయాలంటే ఒక్క పన్నుకి బేరం కుదుర్చుకుని, గెలిచిన మొహంతో ఇంటికొచ్చాడు. ఆ మిగిలిన పన్ను ఏడాది పొడుగునా మా ఇంటిల్లిపాదినీ ఏడిపించింది.

అలాంటి మనిషికి గొంతు బొంగురుపోయింది.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. రోజంతా అరిచేవాడి గొంతు బొంగురుపోక ఏమవుతుంది అనుకున్నాం. బల్ల దిగగానే ఆయన సిగరెట్టు వెలిగిస్తాడన్న సంగతి అందరికీ తెలుసు గానీ, దాని పేరెత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు. మా బావగారు గణాంకాల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ అంకెలు వదల్లేదు. ఈ భూమ్మీద తనకి తెలియని విషయం ఒకటుందని ఆయన ఇంతవరకూ ఒప్పుకోలేదు. "గొంతు బొంగురుపోయినవాళ్ళలో నూటికి తొంభైమందికి ఉప్పునీళ్ళతోనే తగ్గుతుందమ్మా" అని నాకు చెప్పారు. ఆ తొంభైమందిని ఎవరు ఎక్కడ లెక్కపెట్టారో నేను అడగలేదు. అడిగితే దానికీ ఒక అంకె చెప్పగలరు.

ఉప్పు డబ్బా ఖాళీ అయింది గానీ గొంతు బాగుపడలేదు. చివరికి నేనే పోరుపెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ సన్నగా, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి, మాటల్ని మందుబిళ్ళల్లా లెక్కపెట్టి ఇచ్చే మనిషి. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, తెర మీద మాకు చూపించింది. మాట పుట్టే చోట, స్వరపేటిక మీద, ఒకవైపు గరుకుగా గడ్డ. ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ అని తేలింది. ఆయన మాత్రం డాక్టరమ్మ ఇంకేదైనా చెబుతుందేమో అన్నట్టు ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"రెండు దారులున్నాయండీ" అంది డాక్టరమ్మ. "ఒకటి, స్వరపేటిక మొత్తం తీసేయడం. రెండోది, దాన్ని ఉంచి కీమో, రేడియేషన్ ఇవ్వడం. మీకు ఏది పనికొస్తుందో గడ్డే చెప్పాలి."

"గడ్డ చెప్పడం ఏంటండీ?" అన్నాను.

"ముందు ఒక విడత కీమో ఇచ్చి, కొన్నాళ్ళాగి చూస్తాం. గడ్డ సగం గానీ అంతకన్నా ఎక్కువ గానీ కరిగితే, అది మందుకి లొంగే రకం. రేడియేషన్‌కి కూడా లొంగుతుంది. అప్పుడు గొంతు ఉంచుకోవచ్చు. కరగలేదనుకోండి, అది మొండి రకం. దాన్ని లోపల ఉంచుకుని మిగతా వైద్యం చేస్తూ కూర్చుంటే మనిషి దక్కడు. వెంటనే తీసేయాలి. ఆ రకం వాళ్ళలో ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే ఎక్కువకాలం బతుకుతున్నారు."

"తీసేస్తే ఇక మాట ఉండదా?" అని ఆయన అడిగాడు.

"మాట్లాడటానికి వేరే దారులున్నాయి. మెడకి ఆనించుకునే చిన్న యంత్రం ఉంది. లోపల పెట్టే వాల్వు ఉంది. నేర్పించేవాళ్ళు కూడా ఉన్నారు."

"షెడ్డు ఆ చివరికి వినిపిస్తుందా?"

డాక్టరమ్మకి ఏ షెడ్డో అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆవిడ నిజంగానే కాసేపు ఆలోచించి, "వినిపించదండీ" అంది.

ఆ గొంతంటే నాకు ఇష్టం లేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పెళ్ళైన కొత్తలో ఆయన వీధి మొదట్లో నిలబడి నన్ను పేరు పెట్టి పిలిస్తే, వీధి చివరి ఇంటివాళ్ళు కూడా తలుపు తీసి చూసేవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. లోపల్లోపల మురిసిపోయేదాన్ని. ఆ గొంతు పోతుందంటే నాకూ బాధే. కానీ గొంతు ఒకవైపు, మనిషి ఒకవైపు పెట్టి ఎంచుకోమంటే నాకు ఆలోచించే పనేముంది? ఆయనకే ఉంది ఆ పని.

కీమో ఇచ్చారు. ఆయన మంచానికి అతుక్కుపోయాడు. ఏది తిన్నా కక్కాడు. నోరంతా పూసింది. బావగారు రోజూ వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని, "ఇవాళ్టికి పాతిక శాతం కరిగుంటుందిరా" అనేవారు. మర్నాడు ముప్ఫై అనేవారు. గడ్డ లోపల ఏం చేస్తోందో తెలియదు గానీ, బావగారి నోట్లో మాత్రం వెన్నలా కరిగిపోయింది. ఆయన లెక్క ప్రకారం పరీక్ష రోజుకి గడ్డ మొత్తం మాయమై, పక్కన ఉన్న కండ కూడా కొంత కరిగి ఉండాలి.

స్కాన్ తీశారు. కెమెరా గొట్టం మళ్ళీ పంపి చూశారు. మేం ముగ్గురం డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం.

"నలభై శాతం కరిగింది. సరిపోదు" అంది డాక్టరమ్మ.

"నలభై..." అన్నాడు ఆయన. గొంతు బొంగురుపోయింది గానీ బాణీ ఎక్కడికీ పోలేదు. "నలభై... నలభై... డాక్టరుగారూ, నేను అరవై అడుగుతున్నాను. మీరు నలభై అంటున్నారు. ఇద్దరం మధ్యలో యాభై దగ్గర కలుసుకుందాం."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. బావగారు మాత్రం ఇది న్యాయంగానే ఉందన్నట్టు తలాడించారు.

"మీరూ నేనూ ఒప్పుకుంటే సరిపోదండీ. బేరానికి గడ్డ రావాలి కదా, అది రాదు" అంది డాక్టరమ్మ. ఆవిడ మొహంలో నవ్వు లేదు. "వచ్చే వారం ఆపరేషన్‌కి తేదీ ఇస్తున్నాను. దయచేసి వచ్చేయండి. ఇప్పుడైతే గడ్డ స్వరపేటిక దాటి బయటికి పోలేదు."

గది బయటికి రాగానే ఆయన గోడకి చేరబడి, అన్నగారి వైపు చూసి కన్ను గీటాడు. "మొదటి పాట అన్నయ్యా, అంతే."

"మొదటి పాటేరా" అన్నారు బావగారు. "కొలతలో అయిదు శాతం అటూ ఇటూ తేడా ఉంటుందని లెక్కల్లోనే ఉంది. అటు వేసిందావిడ. ఇటు వేసేవాళ్ళని చూద్దాం."

అలా అన్నదమ్ములిద్దరూ స్కాన్ సీడీని సంచిలో వేసుకుని, ఆస్పత్రుల మీద పడ్డారు.

ఆ రోజుల్లోనే బావగారు ఫోనులో ఒక లెక్క కనిపెట్టారు. వయసు, గడ్డ ఎంతదాకా పాకింది, మందుకి ఎంత కరిగింది, సిగరెట్టు అలవాటు ఉందా లేదా, ఇవన్నీ నింపితే అయిదేళ్ళు బతికే అవకాశం నూటికి ఎంతో అది చెబుతుందట. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని నింపారు. వచ్చిన అంకె ఇద్దరికీ నచ్చలేదు. బావగారు కాసేపు పెదవి విరిచి, వయసు కొంచెం తగ్గించారు. అంకె పెరిగింది. కరిగిన శాతం దగ్గర నలభై తీసి యాభై పెట్టారు. ఇంకొంచెం పెరిగింది. సిగరెట్టు దగ్గర "లేదు" అని నొక్కారు. ఒక్కసారిగా ఎగిసింది.

"చూశావటే?" అని ఆయన నన్ను పిలిచి మరీ చూపించాడు. "సిగరెట్టు మానేసేసరికి ఎంత పెరిగిందో!"

మానింది ఫోనులోనే. పెరట్లో గోడ మీద బూడిద నేను రోజూ తుడుస్తూనే ఉన్నాను. ఆ మాటే అంటే, "కొత్త అంకె చూశాక మానేద్దామనే అనుకుంటున్నాను, తొందరెందుకు?" అన్నాడు.

రెండో ఆస్పత్రిలో డాక్టరు పెద్దమనిషి. సీడీ చూసి, "నలభై అయిదు దాకా అనొచ్చు. అయినా సరే ఆపరేషనే మంచిది. ఇక్కడైనా సరే, అక్కడైనా సరే, త్వరగా చేయించుకోండి" అన్నాడు. ఆ మాటల్లో వీళ్ళకి మొదటి వాక్యం వినిపించింది. మిగతావి ఆ గదిలోనే రాలిపోయాయి. బస్సులో వస్తూ బావగారు, "పాట లేస్తోందిరా" అని తమ్ముడి భుజం తట్టారు.

"ఏమండీ, ఆవిడ రమ్మన్న వారం దాటిపోయింది" అన్నాను నేను.

"నువ్వుండవే. పాట నడుస్తుంటే మధ్యలో మాట్లాడకూడదు" అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఒకరు ఊళ్ళో లేరు, ఇంకొకరు సీడీ తెరుచుకోవడం లేదన్నారు, మరొకరు కొత్త స్కాన్ లేకుండా మాట్లాడనన్నారు. రోజులు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. చివరికి బావగారి పాత ఆఫీసు స్నేహితుడు ఎవరో ఒక స్కానింగ్ సెంటరు పేరు చెప్పారు. అద్దాల తలుపులు, ప్లాస్టిక్ మొక్కలు, టై కట్టుకున్న మనిషి. అతను కొత్తగా ఏమీ తీయకుండానే మా పాత సీడీని పెద్ద తెర మీద పెట్టి, గడ్డని రంగురంగులుగా తిప్పి చూపించాడు. మునుపటి బొమ్మ ఒక పక్క, మొన్నటి బొమ్మ ఒక పక్క.

"ఏ వైపు నుంచి కొలవమంటారు?" అని అడిగాడు.

"ఎక్కువ కరిగినట్టొచ్చే వైపు నుంచి" అన్నారు బావగారు, బట్టల కొట్లో రంగు చెప్పినంత తేలిగ్గా.

టై మనిషి నిలువుగా కొలిచాడు, అడ్డంగా కొలిచాడు, ఏటవాలుగా కొలిచాడు. ఏటవాలుగా యాభై అయిదు వచ్చింది. మందపాటి కాగితం మీద రంగుల్లో అచ్చువేసి, యాభై అయిదు పక్కన ఆకుపచ్చ బాణం కూడా పెట్టి ఇచ్చాడు. ఆయన మొహం వెలిగిపోయింది. గడ్డ వచ్చాక అలా వెలగడం నేను చూడలేదు. నాకూ ఒక్క క్షణం ఆశ పుట్టింది. అబద్ధం ఎందుకు?

"మరి వైద్యం మీరే చేస్తారా బాబూ?" అని అడిగాను.

"మా దగ్గర వైద్యం లేదమ్మా. మేం రిపోర్టు వరకే."

పాట పెంచేసి తీరా సరుకు ఎత్తనన్నవాణ్ణి మా షెడ్డులో మెడపట్టి బయటికి గెంటుతారు. ఈ మనిషి చెయ్యి మాత్రం మా ఆయన రెండు చేతులతో పట్టుకుని ఊపాడు.

ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే నాకు ఆ చప్పుడు వినిపించింది. ఊపిరి లోపలికి తీసినప్పుడల్లా సన్నటి ఈల. ముందు గాలి అనుకున్నాను. కిటికీలు మూసి ఉన్నాయి. మర్నాడు అన్నం తింటున్నప్పుడూ వినిపించింది. పడుకోమంటే పడుకోలేక, దిండ్లు ఎత్తుగా పేర్చుకుని కూర్చున్నాడు.

"బావగారూ, ఈ ఈల వింటున్నారా?" అన్నాను.

ఆయన చెవి ఒగ్గి శ్రద్ధగా విన్నారు. "గడ్డ కరిగేటప్పుడు లోపల ఖాళీ ఏర్పడుతుందమ్మా. ఖాళీలోంచి గాలి పోతుంటే చప్పుడు రాదూ?" అన్నారు. వేణువు ఉదాహరణ కూడా చెప్పారు.

నేను పెరట్లోకి వెళ్ళి డాక్టరమ్మ ఆస్పత్రికి ఫోను చేశాను. ఆవిడే మాట్లాడింది. ఈల సంగతి చెప్పగానే, "రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే తీసుకురండి. గాలి దారి మూసుకుపోతోంది" అంది.

లోపలికొచ్చి చెప్పాను. ఆయన రంగుల రిపోర్టుని గోడకి మేకు కొట్టి తగిలించే పనిలో ఉన్నాడు.

"రేపు వెళ్దాంలే. రేపు షెడ్డుకి పెద్ద సరుకొస్తోంది. ఒక్కసారి బల్లెక్కి మొహం చూపించి, అటునుంచి అటే వెళ్దాం. యాభై అయిదు చూస్తే ఆవిడే దిగొస్తుంది" అన్నాడు. ఆ రెండు ముక్కలు చెప్పడానికి నాలుగుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు దిగొస్తే ఎవరు ఎక్కితే నాకెందుకండీ? మీ గొంతు నాకక్కర్లేదు. మీరు కావాలి. మూగవాడిగా ఉన్నా నాకు మీరు కావాలి!" అని అరిచాను. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన ముందు అంతలా అరిచింది అదే.

ఆయన ఆశ్చర్యపోయి నా వైపు చూసి, "నీ గొంతు కూడా బాగానే లేస్తుందే" అని నవ్వాడు. నవ్వులోనూ ఈల వినిపించింది.

మర్నాడు నేనూ వెంటపడి వెళ్ళాను, వేడినీళ్ళ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని. షెడ్డులో అందరూ ఆయన చుట్టూ మూగారు. ఆయన బదులు ఇన్నాళ్ళూ వేలం వేస్తున్న మనిషి బల్ల దిగి పక్కకి జరిగాడు. బావగారు రిపోర్టు కాగితాన్ని తలకంటే ఎత్తుగా పట్టుకుని, "యాభై అయిదు! యాభై అయిదు!" అని అందరికీ చూపించారు. గడ్డ సంగతి సగంమందికి తెలియదు. ఆ అంకె బస్తా ధర అనుకుని ఒకాయన అక్కడికక్కడే చెయ్యెత్తాడు.

ఆయన బల్లెక్కాడు. ఎక్కి, మైకు మీద తువ్వాలు తీసేశాడు. మైకు మూతికి పెదవులు ఆనేంత దగ్గరగా జరిగి పాట మొదలుపెట్టాడు.

ఉల్లిపాయలు. మంచి సరుకు. ఇద్దరు పెద్ద వ్యాపారులు పోటీ పడ్డారు. ధర పైకి పోయింది. ఒకాయన తగ్గాడు. రెండో ఆయన మిగిలాడు.

"ఒకటోసారి" అన్నాడు మా ఆయన. మైకులో గరగరమంటూ వినిపించింది.

"రెండోసారి."

ఆగాడు. నోరు సగం తెరిచి ఉంది. చెయ్యి గాల్లో ఉంది.

షెడ్డంతా నవ్వు మొహాలయ్యాయి. "వచ్చేశాడ్రా మన మైకు! ఏం మారలేదు!" అన్నారెవరో. తగ్గిన వ్యాపారి ఇంక ఆగలేక మళ్ళీ పెంచాడు. ఆయన పలకలేదు. రెండో వ్యాపారి దాని మీద పెంచాడు. ఆయన పలకలేదు. ఇంకా ఎంత లాగుతాడో అని మిగతావాళ్ళు ఈలలు వేశారు. ఆ ఈలల్లో అసలు ఈల ఆగిపోయిన సంగతి ఎవరికీ వినిపించలేదు. బావగారు నా చెవి దగ్గర, "ఈ ఏడాది ఇంత పాట రాలేదమ్మా!" అన్నారు.

ఆయన ఆ కిటుకు వాడేటప్పుడు కళ్ళు కొనేవాళ్ళ మీద తిరుగుతాయని చెప్పాను కదా. ఆ రోజు తిరగలేదు. నా మీద ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో బల్ల మీద నిలబడి ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూసి ఎరగడు.

ఫ్లాస్కు ఎక్కడ పడేశానో తెలియదు. బస్తాల మీదుగా, మనుషుల్ని తోసుకుంటూ పరిగెత్తాను. "అమ్మా, పాట నడుస్తోంది, పక్కకి జరగండి" అని ఒకాయన నా దారికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కొరికానని తర్వాత చెప్పారు. నేను బల్ల చేరేసరికి ఆయన పెదవులు నీలంగా మారాయి. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. అప్పటికీ ఒకడు పాట పెంచుతూనే ఉన్నాడు.

ఉల్లిపాయల కోసం వచ్చిన లారీలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ గుమ్మంలోనే అందుకుని, మెడకి ముందువైపు కోసి, గొట్టం దించింది. ఊపిరొచ్చింది. గొంతు మాత్రం "రెండోసారి" దగ్గరే ఉండిపోయింది.

తెలివొచ్చాక ఆయన చేసిన మొదటి పని సైగతో ఆ రిపోర్టు అడగడం. బావగారు నీళ్ళు నములుతూ తెచ్చిచ్చారు. ఆయన ఆకుపచ్చ బాణం మీద వేలు పెట్టి డాక్టరమ్మకి చూపించాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మెడలో గొట్టం పెట్టుకుని కూడా బేరమాడుతున్నాడు నా మొగుడు.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివింది. చిరాకు పడలేదు. "ఆ రోజుకి ఇంత కరిగిందనే అనుకుందామండీ. ఆ తర్వాత దానికి మందు పడలేదు, కత్తి పడలేదు. ఖాళీగా కూర్చోలేదు అది" అని, స్కాన్‌లో తీసిన కొత్త బొమ్మ చూపించింది. గడ్డ మొదట ఉన్నదానికంటే పెద్దదైంది. మెడలోకి పాకి రెండు చోట్ల బిళ్ళలు కట్టింది.

ఆయన ఆ బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత రిపోర్టుని మడిచి దిండు కిందకి తోసి, కలం కోసం చెయ్యి చాపాడు. సంతకం చేశాడు.

ఆపరేషన్ అయింది. స్వరపేటిక తీసేశారు, మెడలో బిళ్ళలూ తీసేశారు. తీసినవన్నీ పరీక్షకి వెళ్ళాయి. ఫలితం వచ్చిన రోజు మేం ముగ్గురం మళ్ళీ అదే గదిలో, అవే కుర్చీల్లో కూర్చున్నాం. ఆయన మెడకి పల్చటి గుడ్డ, దాని వెనక ఊపిరి పీల్చుకునే రంధ్రం. ఒళ్ళో పలక. ఇకముందు రేడియేషన్ ఉంటుందనీ, గాయం మానాక మాట నేర్పిస్తామనీ డాక్టరమ్మ చెప్పింది.

బావగారు ఆ రోజు ఫోను బయటికి తీయలేదు. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఊరుకోదు. "అంటే... నూటికి ఎంత అనుకోవచ్చు డాక్టరుగారూ?" అన్నారు, నేల చూపులు చూస్తూ.

డాక్టరమ్మ ఆయనకి జవాబు చెప్పకుండా మా ఆయన్ని చూసింది. "మీకు తెలుసుకోవాలని ఉందా?" అని అడిగింది.

ఆయన తలాడించాడు.

"మొదట చెప్పినప్పుడే వచ్చుంటే, అయిదేళ్ళ తర్వాత వందలో అరవై అయిదుమంది ఉంటారని చెప్పేదాన్ని. ఇప్పుడు యాభై. ఈ అంకె మీలాంటి వందమందికి సంబంధించింది. అందులో మీరు ఎటువైపో నాకు తెలియదండీ. ఎవరికీ తెలియదు."

యాభై. ఆ అంకె కోసమే కదా ఊరంతా తిరిగాడు. గొంతు నిలబెట్టుకోవడానికి యాభై కావాలన్నాడు. గొంతు ఇచ్చేసి, పైన ఇంకో పదిహేనుమందిని కూడా ఇచ్చేసి, చివరికి యాభై తెచ్చుకున్నాడు. నాకు ఆయన చొక్కా పట్టుకుని ఊపేయాలనిపించింది. ఆయన్ని ఒడిలో పెట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు, డాక్టరమ్మ ఉంది.

ఆయన మాత్రం తన అలవాటు ప్రకారం గదంతా కలియజూశాడు. నోరు సగం తెరిచాడు. చెయ్యి కొంచెం లేచింది. కళ్ళు అన్నగారి మీదకి వెళ్ళాయి. బావగారు ఏదో అనబోయి, నా చూపు చూసి నోరు మూసుకున్నారు. కళ్ళు డాక్టరమ్మ మీదకి వెళ్ళాయి. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. పక్క గదిలో ఎవరో దగ్గుతున్నారు. ఎవరూ పెంచలేదు.

అప్పుడు నా వైపు చూశాడు.

నేను ముందుకి జరిగి, డాక్టరమ్మ బల్ల మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టాను. రెండోసారి కొట్టాను. ఆగాను. ఆయన్ని వెక్కిరిద్దామని ఆగలేదు. ఎవరైనా, ఏ మూల నుంచైనా, ఒక్క మెట్టు పెంచుతారేమోనని నిజంగానే ఆగాను. ఇన్నేళ్ళూ ఆ నిశ్శబ్దం చూసి విసుక్కున్నదాన్ని, నాకే చెయ్యి కదల్లేదు.

ఆయన తన చెయ్యి చాపి, నా చేతి పక్కన బల్ల మీద మూడోసారి కొట్టాడు.